పుట్టిన నేల, నిలిచిన వరుస

హైదరాబాదునకు చేరువలో, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున వెలసిన చిలుకూరు బాలాజీని జనులు ‘వీసా బాలాజీ’ యని పిలుచుకొందురు. కోరిక విన్నవించునపుడు 11 ప్రదక్షిణములు, అది యీడేరిన పిదప 108 ప్రదక్షిణములు చేయుట అచటి ఆచారము. అమెరికా వీసా చేతికందగానే ఆ 108 పూర్తిచేసి విమానమెక్కు యువకుడు తన మ్రొక్కు తీరినదనియే తలంచును. కాని ఆ దేశమున అతనికై మరియొక ప్రదక్షిణము కాచుకొని యున్నది. దానికి లెక్క లేదు.

విద్యానైపుణ్యము గల విదేశీయులకు అమెరికా యిచ్చు తాత్కాలికోద్యోగ వీసాకు హెచ్-1బీ యని పేరు. 1990 నాటి వలస చట్టముతో ఇది యేర్పడినది. ఏటా 65,000, అమెరికా విద్యాలయములలో ఉన్నత పట్టము పొందినవారికి మరి 20,000. మొదట మూడేండ్లకు ఇత్తురు. మరి మూడేండ్లు పొడిగింతురు. పెక్కు తాత్కాలిక వీసాలకు లేని సౌలభ్యమొకటి దీనికి కలదు: వచ్చినవాడు శాశ్వతముగా నిలిచిపోదలచినను తప్పు పట్టరు. కావుననే మనవారు దీనిని గడపగా నెంచి లోనికి పోజూతురు.

ఆ గడప దాటుటకు మూడు మెట్లు. తగిన స్థానికుడు దొరకలేదని యజమాని కార్మిక శాఖకు నిరూపించుట మొదటిది. ఆ యుద్యోగికై వలస శాఖకు అర్జీ పెట్టుట రెండవది. వంతు వచ్చినపుడు ఉద్యోగి స్వయముగా గ్రీన్‌కార్డునకు, అనగా శాశ్వత నివాసమునకు, దరఖాస్తు చేయుట మూడవది. తొలి అర్జీ దాఖలైన తేదీయే వరుసలో అతని స్థానము. ఏ తేదీ వరకు వంతు వచ్చినదో విదేశాంగ శాఖ ప్రతి మాసమును ఒక పట్టికగా ప్రకటించును. పంచాంగము చూడని యిండ్లలో గూడ ఆ పట్టిక చూడని మాసముండదు.

చిక్కంతయు మూడవ మెట్టు నొద్దనే. ఉద్యోగముల మూలమున ఇచ్చు గ్రీన్‌కార్డులు ఏటా రమారమి 1,40,000. ఒక్క దేశమున పుట్టినవారికి నూటికి ఏడు పాళ్లు, అనగా సుమారు 9,800 మాత్రమే. భార్యాబిడ్డలను గూడ ఇందే లెక్కింతురు. ఇతరులు వాడక మిగిల్చినవి కొన్ని మనవారికి దక్కుట కలదు గాని, వరుస పొడవు ముందర అవి యేపాటి? 2010 తరువాతి తొలి సంవత్సరములలో చేరినవారిలో పెక్కుమంది పదేండ్లు దాటియు అచటనే నిలిచి యుండిరి.

ఈ నియమము ద్వేషమున పుట్టినది కాదు. 1917 నాటి చట్టము ఆసియావాసులలో పెక్కురకు తలుపు మూసినది. 1946లో భారతీయులకు ఏటికి నూరు మందికి మాత్రము సందు దొరకినది. 1965 అక్టోబరు 3న స్వాతంత్ర్యదేవత విగ్రహము చెంత అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేసిన చట్టము జాతిభేదపు పాత కోటాలను తొలగించి, తూర్పు గోళార్ధ దేశములన్నిటికిని తలకు 20,000 మించని సమాన పరిమితి నిర్ణయించినది. సమత్వమునకై గీచిన గీత అది. కాని 140 కోట్ల జనులున్న దేశమునకును, కొన్ని లక్షలున్న ద్వీపమునకును నేడు ఒకటే కొలపాత్ర.

ఇచట లెక్కకు వచ్చునది పౌరసత్వము కాదు, పుట్టిన నేల. ఒకే కార్యాలయమున ఒకే పని చేయు ఇరువురిలో హైదరాబాదున పుట్టినవాడు ఏండ్ల తరబడి వేచియుండగా, ఖాట్మండులో పుట్టినవాడు ముందుగా లోనికి పోవచ్చును.

వరుసలో నున్నవారికి ఆరేండ్లు దాటినను వీసా పొడిగించు వెసులుబాటు 2000 నాటి చట్టమున కలదు. కాని ఉద్యోగము పోయినచో మరియొకటి వెదకుకొనుటకు గడువు హెచ్చుగా 60 దినములు. ఊరిలో తండ్రికి ప్రాణము మీదికి వచ్చినపుడును, తిరుగు ప్రయాణమునకు వీసా ముద్ర దొరకునో దొరకదో యని కొడుకు తటపటాయించును.

అంతకంటె కఠినమైనది బిడ్డల సంగతి. రెండేండ్ల ప్రాయమున తల్లి చంకనెక్కి వెళ్లిన పిల్ల, 21 ఏండ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడనుండి తొలగిపోవును. 2002 నాటి చట్టము అర్జీ పరిశీలనలో గడచిన దినములను వయస్సునుండి తీసివేయును గాని, వరుసలో గడచిన యేండ్లను తీసివేయదు. ఆ పిల్లకు పుట్టిన నేల పరిచయము లేదు; పెరిగిన నేల హక్కు లేదు.

విమానమెక్కబోవు యువకులు 108 ప్రదక్షిణములతో పాటు ఈ లెక్కయు ముందుగా తెలిసికొని పోవుట మేలు.