100 శాతం చూసి మోసపోకండి: బ్యాటరీ అసలు కథ చెప్పే గీత

ఫోన్ రివ్యూల్లో మనం ముందు వెతికేది బ్యాటరీ గురించే. "5000 ఎంఏహెచ్, రోజంతా వస్తుంది" అని ఒకరంటారు, "సాయంత్రానికే ఖాళీ" అని ఇంకొకరు కామెంట్ పెడతారు. ఎవరి మాట నమ్మాలి? నన్నడిగితే ఇద్దర్నీ పక్కనపెట్టి ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1బీలో చదివిన సరళరేఖల చాప్టర్ గుర్తు చేసుకోండి. వై = ఎమ్ఎక్స్ + సి. ఎంసెట్ అయ్యాక మళ్లీ పనికిరాదనుకున్నాం కదా, ఇక్కడ బాగా పనికొస్తుంది.

గ్రాఫ్‌లో అడ్డంగా గంటలు, నిలువుగా బ్యాటరీ శాతం వేయండి. ఫోన్ మీద ఒకే రకం పని నడుస్తున్నంతసేపు చుక్కలు దాదాపు ఒకే గీత మీద పడతాయి. ఉదయం 9కి 96 శాతం, 11కి 80 ఉందనుకుందాం. రెండు గంటల్లో 16 తగ్గింది, అంటే గంటకి 8. గీత కిందికి దిగుతోంది కాబట్టి వాలు మైనస్ 8. మొదలైన 96 వై-అంతరఖండం. సమీకరణం: వై = -8ఎక్స్ + 96.

గీయడం ఇంకా ఈజీ. నిలువు అక్షం మీద 96 దగ్గర చుక్క పెట్టి, ఒక గంట కుడికి, 8 కిందికి జరిగి రెండో చుక్క పెట్టి కలిపేయండి. లేదంటే వై సున్నా అయ్యేది ఎప్పుడో లెక్కేయండి. 96ని 8తో భాగిస్తే 12. అదే ఎక్స్-అంతరఖండం, అంటే రాత్రి 9కి ఫోన్ ఆఫ్. ఆ రెండు అంతరఖండాలు కలిపినా అదే గీత వస్తుంది.

ఇప్పుడు అసలు మజా. ఒక ఫోన్‌ది 5000 ఎంఏహెచ్, అదే టెస్ట్‌లో వాలు మైనస్ 7.5. ఇంకోటి 6000 ఎంఏహెచ్, వాలు మైనస్ 7. మొదటిది 13 గంటల 20 నిమిషాలు, రెండోది దాదాపు 14 గంటల 17 నిమిషాలు. బ్యాటరీ 20 శాతం పెద్దది, కానీ మనకి దక్కింది గంట కూడా కాదు! ఎందుకంటే మొదటిది గంటకి 375 ఎంఏహెచ్ తాగుతుంటే, రెండోది 420 తాగుతోంది. 375తోనే సరిపెట్టుకుంటే 16 గంటలు రావాలి. డిస్‌ప్లేనో, ప్రాసెసరో, మోడెమో మిగతాది మింగేస్తోంది. స్పెక్ షీట్‌లో ఈ సంగతి ఎక్కడా కనపడదు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. పాత బ్యాటరీ కూడా ఫుల్ ఛార్జ్ చేస్తే 100 శాతమే చూపిస్తుంది. 5000 కాస్తా అరిగి 4000 అయినా సరే, ఆ 4000నే 100 అంటుంది. అంటే అంతరఖండం మారదు, వాలు మారుతుంది. అదే 375 ఎంఏహెచ్ వాడకానికి గంటకి 7.5 తగ్గాల్సింది దాదాపు 9.4 తగ్గుతుంది. అమ్మేవాళ్లు చూపించేది అంతరఖండం, మనం అడగాల్సింది వాలు.

మా తమ్ముడు బీటెక్ ఫస్టియర్. పొద్దున 8కి హాస్టల్ వదిలితే మళ్లీ ఛార్జర్ మొహం చూసేది రాత్రి 7కే. సీనియర్లు ఇద్దరు ఒకే మోడల్ ఫోన్లు అమ్ముతున్నారు, ఒకటి 1,500 తక్కువ. "అన్నా, రెండూ బానే ఉన్నాయి, తక్కువదే తీసుకుంటా" అన్నాడు. ఆగరా అని టెస్ట్ చేయించాను: ఏరోప్లేన్ మోడ్, బ్రైట్‌నెస్ సగం, డౌన్‌లోడ్ చేసిన ఒకే వీడియో, రెండు గంటలు. చాలా ఫోన్లు 100 దగ్గర కాసేపు కదలవు, అందుకే 90 నుంచి మొదలుపెట్టించా.

అరగంట చాలదా అన్నాడు. చాలదు. ఫోన్ దశాంశాలు చూపించదు. 4 తగ్గిందంటే నిజంగా తగ్గింది 3కి, 5కి మధ్య ఎంతైనా కావచ్చు. అరగంటలో అంటే గంటకి 6 నుంచి 10 దాకా ఏదైనా! రెండు గంటల్లో 16 తగ్గితే మాత్రం 7.5కి, 8.5కి మధ్యే.

మొదటి ఫోన్ 90 నుంచి 76కి, తక్కువ ధరది 70కి వచ్చాయి. వాలులు మైనస్ 7, మైనస్ 10. ఫుల్ ఛార్జ్‌తో మొదలుపెడితే వాలు మారదు, గీత సమాంతరంగా పైకి జరిగి 100 దగ్గర మొదలవుతుంది. 11 గంటల దగ్గర నిలువుగా చూస్తే మొదటి దాంట్లో ఇంకా 23 మిగులుతుంది, రెండోది పదో గంటకే, అంటే సాయంత్రం 6కే సున్నా. వాడు 11 గంటలూ వీడియో చూడడనుకోండి, కానీ మొబైల్ డేటా, హాట్‌స్పాట్ ఉండనే ఉన్నాయి.

అన్నట్టు, ఈ లెక్క ఛార్జింగ్‌కి వాడకండి. "15 నిమిషాల్లో 50 శాతం" అంటే అరగంటలో 100 కాదు. లిథియం అయాన్ సెల్ వోల్టేజ్ పరిమితికి చేరాక కరెంట్ మెల్లగా తగ్గించాలి, దాంతో గీత వంగిపోతుంది. యాడ్‌లో చూపేది ఆ నిటారు ముక్క మాత్రమే. బ్యాటరీ దిగడంలోనూ వీడియో ఆపి గేమ్ పెడితే వాలు మారిపోతుంది, అక్కణ్నుంచి కొత్త గీత గీసుకోవాల్సిందే.

తమ్ముడికి చివరి డౌట్: తక్కువది కొని బ్యాటరీ మార్పిస్తే? రిపేర్ షాపులో కనుక్కోమన్నా. 1,800 అన్నారట. మొదటిదే తీసుకున్నాడు.