ముడి వీడని వల

నెల్లూరు తీరంలో వేట లేని వేళల్లో ఇసుకపై కూర్చొని వలలు బాగుచేసుకొనే మత్స్యకారులు కనిపిస్తారు. వల బలం దారంలోనే కాదు, ముడిలో కూడా ఉంటుంది. ఒక్క ముడి వీడినా కంత క్రమంగా పెద్దదవుతుంది. వలకు సంస్కృతంలో ‘జాలం’ అని పేరు. కంప్యూటర్లను కలిపే వ్యవస్థకు కూడా మనం ఆ పేరే పెట్టుకొన్నాం. ఈ జాలంలో ముడి వంటిది నెట్‌వర్క్ స్విచ్.

1989 నవంబరులో పెనుతుపాను కావలి సమీపాన తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని కూడా తాకింది. అనంతరం 2007 అక్టోబరులో హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అయితే హెచ్చరిక ఎంత వేగంగా బయలుదేరినా, దానిని అందుకోవలసిన కార్యాలయంలో జాలం తెగిపోయి ఉంటే ప్రయోజనమేమిటి? ఆసుపత్రికైనా, కృష్ణపట్నం వంటి రేవుకైనా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

స్విచ్ పనితీరు తపాలా ఉద్యోగి పనిని పోలి ఉంటుంది. జాలంలో చేరిన ప్రతి పరికరానికీ మ్యాక్ చిరునామా అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఏ చిరునామా ఏ ద్వారం వద్ద ఉన్నదో స్విచ్ గుర్తుంచుకొని, సమాచారాన్ని ఆ ద్వారానికి మాత్రమే పంపుతుంది. పూర్వం వాడిన హబ్‌లు వచ్చిన ప్రతి సమాచారాన్నీ అందరికీ పంపేవి.

ఒక స్విచ్‌కు సాధారణంగా 24 లేక 48 ద్వారాలుంటాయి. 200 కంప్యూటర్లున్న ఆసుపత్రికి 48 ద్వారాల స్విచ్‌లు ఐదు కావాలి. వాటిని విడివిడిగా ఉంచితే ఐదింటినీ వేరువేరుగా అమర్చి, కనిపెట్టుకొని ఉండాలి. ఈ శ్రమను తగ్గించడానికి వచ్చినవే దొంతర స్విచ్‌లు. కుండలను దొంతరగా పేర్చినట్లు వీటిని ఒకదానిపై ఒకటి అమర్చి, ప్రత్యేకమైన కేబుళ్లతో వలయంగా కలుపుతారు. అప్పుడవి ఒకే పేరుతో, ఒకే చిరునామాతో ఒక్క యంత్రంలా పనిచేస్తాయి. 2003లో సిస్కో సంస్థ విడుదల చేసిన కేటలిస్ట్ 3750 శ్రేణిలో ఇలా తొమ్మిది స్విచ్‌ల వరకు కలపవచ్చు.

దొంతరకు ఒక నాయక స్విచ్ ఉంటుంది. అమరికలో మొదటి పని నాయకుణ్ణి నిర్ణయించడమే. ప్రతి స్విచ్‌కూ ఒక ప్రాధాన్య సంఖ్య ఇస్తారు. ఎక్కువ సంఖ్య గలది నాయకుడవుతుంది. దాని తరువాతి సంఖ్యను మరొకదానికి ఇస్తే, నాయకుడు చెడిపోయినపుడు అది బాధ్యత స్వీకరిస్తుంది. అన్నింటిలోనూ సాఫ్ట్‌వేర్ ఒకే రూపాంతరమై ఉండాలి. రోగుల వివరాలున్న విభాగాన్ని సందర్శకుల వైఫై నుండి వేరుచేసే వీల్యాన్‌లను ఒక్కసారి ఏర్పరిస్తే, దొంతర అంతటా వాటిని వాడుకోవచ్చు. చివరగా అమరికను భద్రపరచాలి. ఆ పని మరచిన పక్షంలో, విద్యుత్తు పోయి తిరిగి వచ్చేసరికి చేసిన మార్పులన్నీ మాయమవుతాయి.

వలయంలో ఒక కేబుల్ తెగినా సమాచారం రెండవ దిశగా ప్రయాణిస్తుంది. వేగం తగ్గవచ్చు గాని సంబంధం తెగదు. రెండు చోట్ల తెగితే మాత్రం దొంతర రెండు ముక్కలై, రెండూ ఒకే చిరునామా తమదేనని చెప్పుకొనే ప్రమాదముంది. వెలుపలి జాలానికి వెళ్లే రెండు మార్గాలనూ ఒకే స్విచ్‌కు కలపరాదు. అది చెడితే రెండూ పోతాయి. అన్ని స్విచ్‌లకూ ఒకే విద్యుత్ మార్గముంటే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఐకమత్యంలో బలంతో పాటు ఈ లోపం కూడా ఉన్నది. నాయకునికిచ్చిన ఒక్క తప్పుడు ఆజ్ఞ దొంతరనంతటినీ స్తంభింపజేయగలదు.

తీరప్రాంతంలో ఉప్పుగాలి లోహపు కొనలను తుప్పుపట్టిస్తుంది. అందుచేత పరికరాలను మూసిన గదిలో, నేలకు ఎత్తుగా ఉంచాలి. అమరిక ప్రతిని మరొక చోట దాచాలి. ప్రశాంతంగా ఉన్న రోజున, పనివేళలు కాని సమయంలో ఒక కేబుల్‌ను తీసి చూచి, దొంతర నిలుస్తున్నదో లేదో పరీక్షించాలి. తుపాను వచ్చిన రాత్రి ఆ పరీక్షకు సమయముండదు. మత్స్యకారుడు వలను బాగుచేసుకొనేది ఒడ్డున ఉన్నప్పుడే గాని, నడిసముద్రంలో కాదు.