11 పైసల మందు

కలరా ముదిరితే రోగి ఒంట్లోంచి రోజుకు పది లీటర్లకు పైగా నీళ్లు పోవచ్చు. చాలాకాలం దానికి సెలైన్ ఎక్కించడమే దారి. 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ నోటితో ద్రవం తాగించి రోగులను బతికించారు, ఆ సంగతి లాన్సెట్ పత్రికలో వచ్చింది కూడా. అయినా వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. ఆ ద్రవం ఎలా పనిచేస్తోందో అప్పటికి తెలియదు మరి.

1960లో ప్రాగ్ సమావేశంలో రాబర్ట్ క్రేన్ ఆ గుట్టు విప్పారు. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం చిన్నపేగులో గ్లూకోజ్‌గా విడిపోతుంది. దాన్ని లోపలికి చేర్చే ప్రొటీన్ ఒకటి పేగు గోడ కణాల మీద ఉంది. తోడుగా సోడియం లేనిదే అది గ్లూకోజ్‌ను దాటనివ్వదు: ఒక్కో గ్లూకోజ్ అణువుకు రెండు సోడియం అయాన్లు కావాలి. అవి లోపలికి వెళ్తే నీరూ వాటి వెంటే వెళ్తుంది. కలరా విషం ఒంట్లోని నీటిని పేగులోకి తోడిపోస్తుంది గానీ, ఈ ప్రొటీన్ జోలికి పోదు. నీళ్లలో గ్లూకోజ్, ఉప్పు కలిపి తాగించే ద్రవం, అంటే ఓఆర్ఎస్ బలమంతా అక్కడే ఉంది.

1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ దీన్ని రోగుల మీద నిరూపించారు. అయితే అది ఆసుపత్రిలో, కొలతలు చూసుకుంటూ చేసిన పని. అసలు పరీక్ష 1971లో ఎదురైంది. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో సరిహద్దు పట్టణం బంగావ్ నిండిపోయింది. ఆసుపత్రిలో రెండు గదులు, 16 మంచాలు. మిగతావాళ్లంతా నేల మీదే, వాంతులు, విరేచనాల మధ్య. సెలైన్ అయిపోవచ్చింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ కలకత్తాలో పొడి పొట్లాలు కట్టించారు: లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. ఖర్చు లీటరుకు 11 పైసలు. డ్రముల్లో కలిపి, తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. శిబిరాల్లో నూటికి 30 దాకా ఉన్న మరణాలు, ఆయన చూసిన రోగుల్లో 3.6కు పడిపోయాయి. ఇంతటి మనిషికి పద్మవిభూషణ్ 2023లో, చనిపోయాక గానీ రాలేదు. అది మనకు గర్వకారణం కాదు.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్ పాళ్లను సవరించింది. ఇప్పుడు లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. చక్కెర మోతాదు మించితే పేగే ఒంట్లోని నీటిని తనలోకి లాక్కుంటుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందుకే ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడైన తీపి పానీయాలు పిల్లలకు ప్రమాదం. వాటిపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉంటేనే కొనండి. లీటరు ప్యాకెట్‌ను కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకేసారి మొత్తం కలపండి. 24 గంటలు దాటితే పారబోసి, మళ్లీ కొత్తగా కలుపుకోండి.