ఖాళీ నమూనా చెప్పే సాక్ష్యం

అంతరిక్షంలో నీటిబొట్టును పట్టడం ఒక ఎత్తు. అందులో దొరికిన సూక్ష్మజీవి మనం మోసుకెళ్లింది కాదని రుజువు చేయడం మరో ఎత్తు.

రంగుల పారాచూట్‌కు వేలాడుతూ ఏదైనా పెట్టె చేనులో దిగితే విప్పొద్దు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు కబురు చేయండి... హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం ప్రయోగాల సీజన్‌లో ఇలా ప్రకటిస్తుంటుంది. పరికరాలు పడే అవకాశమున్న జిల్లాల జాబితాలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కూడా ఉంటాయి. అంటే మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు చెలకల్లో దిగినా ఆశ్చర్యం లేదు. విప్పితే విలువైన సమాచారం పోతుందన్నది హెచ్చరిక. ఒక ప్రయోగానికైతే గొట్టం మూత వదులైనా చాలు, ఫలితమంతా అనుమానంలో పడేది.

నియాన్‌లో మునిగిన గొట్టాలు

ఆ ప్రయోగం జరిగింది 2005 ఏప్రిల్ 20న. 2.67 కోట్ల ఘనపుటడుగుల బెలూన్ హైదరాబాద్ నుంచి 459 కిలోల సరంజామాతో పైకి లేచింది. అందులో 16 స్టీలు గొట్టాలు. లోపలి గాలిని పూర్తిగా తోడేసి, సూక్ష్మజీవి అన్నది లేకుండా శుద్ధి చేసి, ద్రవ నియాన్‌లో ముంచారు. నియాన్ చలి సున్నాకు దిగువన 246 డిగ్రీలు. గొట్టంలోకి వచ్చిన గాలి గోడలకు గడ్డకట్టుకుపోతుంది. ఖాళీ అయిన చోటికి మరింత గాలి వస్తుంది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున ఉండే పలుచని గాలిని ఇలా పోగేశారు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ పరిశోధన సంస్థల పరీక్షల్లో 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు తేలాయి. వాటిలో మూడు కొత్త జాతులు. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట పేరు పెట్టారు. 2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి ప్రకటిస్తూనే, ఇవి భూమికి బయటివని కచ్చితంగా తేలలేదనీ చెప్పింది.

నీళ్లతో వచ్చే చిక్కు

శనిగ్రహపు చందమామ ఎన్సెలాడస్ నుంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్ముతున్నాయని కాసినీ నౌక కనిపెట్టిందీ 2005లోనే. మన సూక్ష్మజీవులు అక్కడ పడకూడదనే 2017 సెప్టెంబర్ 15న ఆ నౌకను శనిలోకే దూకించారు.

రేపు అలాంటి నీటిని పరీక్షించే యంత్రం ఒకే గొట్టంతో పదేపదే నమూనాలు తీయాల్సి రావచ్చు. గాలిలా కాదు, నీళ్లు వాల్వు సందుల్లో తడిగా మిగిలిపోతాయి. పెరుగు గిన్నెను కడగకుండా పాలు పోస్తే తోడు వేయకున్నా తోడుకుంటాయి కదా, ఇదీ అంతే. అందుకే ప్రతి నమూనాకూ ముందు యంత్రం తనను తానే శుద్ధి చేసుకోవాలి.

చంపితే చాలదు

1976లో అంగారకుడిపై దిగిన వైకింగ్ నౌకలను భూమ్మీదే దాదాపు 112 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచారు. అంతరిక్షంలో ఆ పని చేయాలంటే కరెంటు చాలాలి, రబ్బరు సీళ్లు తట్టుకోవాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి వాడితే వేడి తక్కువ సరిపోతుంది, కానీ అది మిగిలిపోతే తర్వాతి నమూనానే పాడుచేస్తుంది. పైగా సూక్ష్మజీవి చచ్చినా దాని డీఎన్‌ఏ గొట్టంలోనే ఉంటుంది. చంపాక కడగాలి, కడిగాక శుద్ధమైన నీటితో ఒక ఖాళీ నమూనా తీయాలి. అసలు నమూనాలో దొరికిన జీవే అందులోనూ కనబడిందా, ఆవిష్కరణ అక్కడితో సరి. కనబడకపోతేనే శాస్త్రవేత్తల మధ్య అసలు వాదన మొదలవుతుంది.