ఫారం 5 చెప్పని పదిహేను గంటలు

2025 నవంబరు 3 ఉదయం చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర లోడు టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొంది. కంకర బస్సులోకి కుమ్మరించినట్టు పడి, ప్రయాణికులు సీట్లలోనే కూరుకుపోయారు. 19 మంది పోయారు. ఆ ప్రమాదంలో తప్పెవరిదో తేల్చాల్సింది దర్యాప్తు. ఎడిటర్ నాకు అప్పగించింది వేరే పని: ఇంత బరువు బండిని మన దగ్గర ఏం చూసి మనిషి చేతికిస్తున్నారు? శుక్రవారానికల్లా రాసివ్వాలి.

రూల్స్ తిరగేస్తూ ఫారం 5 దగ్గర ఆగిపోయాను. హెవీ లైసెన్సు దరఖాస్తుకు జతచేయాల్సిన డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ అది. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన మా దగ్గర చేరాడు, రిజిస్టర్లో వరుస సంఖ్య ఇది, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా సంతృప్తికరంగా శిక్షణ పొందాడు. కింద సంతకం. అంతే. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు రవాణా వాహనానికి కనీసం 30 రోజుల శిక్షణ, అందులో కనీసం 15 గంటలు స్టీరింగ్ పట్టాలంటాయి. ఆ గంటల లెక్క ఫారం 5లో లేదు.

అది ఉండేది ఫారం 15లో. ఏ తేదీన, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ తరగతి బండి, నేర్పినవారి సంతకం, నేర్చుకున్నవారి సంతకం. నాకు అసలైన కాగితం ఇదే అనిపించింది. కానీ ఇది స్కూలు రిజిస్టర్. దరఖాస్తుకు జతచేయాల్సిన కాగితం కాదు. కుర్రాడు టెస్టుకు వచ్చినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు దాన్ని చూపించాలని మాత్రం నిబంధనలంటాయి. దాన్ని అడిగి చూడకపోతే చేతిలో తేదీలే ఉంటాయి, గంటలుండవు. బండెక్కకుండానే సర్టిఫికెట్ సంపాదించే వీలు ఇక్కడే ఉంది.

పైగా 15 గంటలంటే రోజుకు అరగంట. ఆ అరగంటల్లోనే లోడుతో దిగుడు దిగడం, రివర్స్, మలుపు అన్నీ రావాలి. టిప్పర్ క్యాబిన్ ఎక్కి చూడండి. కుడివైపు కిటికీలోంచి వంగితే నేల కనిపిస్తుంది. ఎడమ తలుపు కిందికొచ్చి ఆగిన స్కూటరు కనిపించదు. అటు అద్దాలే దిక్కు. వెనకటికి ఆ పక్క క్లీనర్ తల బయటపెట్టి, తలుపు మీద చరుస్తూ "రానీ, రానీ" అనేవాడు. డ్రైవరు ఒక్కడే ఉన్న బండి ఎడమకు తిరిగితే ఆ స్కూటరు మీదున్న మనిషి గతేమిటి?

ఒకప్పుడు ఏళ్ల తరబడి క్లీనర్ పని చేసి, టైర్లు మార్చి, టార్పాలిన్లు కట్టాకే స్టీరింగ్ దక్కేది. 1988 చట్టం రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలంది, అంతకుముందు ఏడాదైనా లైట్ వెహికల్ లైసెన్సు ఉండాలంది. 2019లో ఎనిమిదో తరగతి అర్హత తీసేశారు. 2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు వచ్చాయి. అక్కడ హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. పాసైతే ఆర్టీవో టెస్టు అక్కర్లేదు.

చదువు అర్హత ఎత్తేయడం సరైన పనే. అక్షరం రాకపోయినా బండిని ప్రాణంలా చూసుకునే డ్రైవర్లంటే నాకు గౌరవం. అయితే చదువు బదులు నైపుణ్యం చూస్తామన్నప్పుడు దాన్ని చూడాలి కదా! ఫారం 15 నకలు ఫారం 5 వెనకే పిన్ను చేసి పంపమనాలి. ఏ రోజు ఏ బండి నడిపావని ఇన్‌స్పెక్టర్ ఆ కుర్రాణ్నే అడగాలి.

బాక్స్: ఏడున్నర టన్నుల గీత

లైట్ వెహికల్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపొచ్చని, వేరే అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. బీమా పరిహారం కేసుల్లో పుట్టిన వివాదమిది. లెక్కలోకి వచ్చేది లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు. కంకర, ఇసుక తోలే పెద్ద టిప్పర్లు ఆ గీతకు అవతలే ఉంటాయి. వాటికి హెవీ లైసెన్సు ఉండి తీరాలి.