బిగిసిపోయిన ముందుచక్రము: కారణము తెలిసికొనుట, బాగుచేయుట

నూలు మూటలను తెచ్చుకొనుటకును, నేసిన చద్దర్లను, తువ్వాళ్లను వ్యాపారికి చేర్చుటకును మన సభ్యులలో పెక్కుమందికి నేడు చిన్న సరకు వ్యానే ఆధారము. షోలాపూరులోనైనను, భివండీలోనైనను వ్యాను ఒకదినము కదలకున్నచో నూలు రాదు. నూలు రానిదే సాంచాలు ఆడవు. సాంచాలు ఆడనినాడు పనివానికి కూలి లేదు. వ్యానుకు వచ్చు చిక్కులలో ముందుచక్రము బిగిసిపోవుట ఒకటి. వానకాలమున ఇది తరచుగా కనబడును. దీని కారణములను, మరమ్మతు విధమును సభ్యులకు, డ్రైవర్లకు తెలియునట్లు ఇచ్చట వివరించుచున్నాము. ముందు డిస్కు బ్రేకులు గల వ్యానులను దృష్టిలో నుంచుకొని వ్రాసినాము. నేడు సరకు వ్యానులలో పెక్కు ఇట్టివే.

సుత్తి దెబ్బ మందు కాదు

చక్రము పట్టివేసినంతనే సుత్తితో రెండు దెబ్బలు వేసి, కదలినచో బండి తోలుకొనిపోవుట పలుచోట్ల వాడుక. ఇది మిక్కిలి ప్రమాదకరము. ప్యాడ్లు డిస్కును వదలక రాచుకొనుచుండగా బండి నడచినచో ఆ వేడి బ్రేకు ఆయిలునకు ఎక్కును. డాట్ 3 రకపు ఆయిలు క్రొత్తదిగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వేడికిగాని మరగరాదని ప్రమాణము. కాని ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. తేమ పట్టిన డాట్ 3 ఆయిలునకు ఆ ప్రమాణము 140 డిగ్రీలే. ఆయిలు మరగినచో ఆవిరి పుట్టును. ఆవిరి నొక్కుడునకు అణగిపోవును గనుక పెడలు నేలనంటును, బ్రేకు పనిచేయదు. వేడి ముదిరినచో టైరు అంటుకొనవచ్చును. పైన నున్నది నూలు, గుడ్డ యైనప్పుడు నిప్పు ఎంతలో ప్రాకునో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

పడుగు బీము తిరుగకున్నప్పుడు మనము పడుగును కోయము. బరువు ఎక్కువైనదా, త్రాడు పట్టినదా, ఇరుసు బిగిసినదా యని చూతుము. చక్రము విషయమునను అంతియే. పట్టుకొన్నది ఏదో ముందు తెలిసికొనవలెను.

పట్టుటకు కారణములు

పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని ఆయిలు ఇనుప పైపు, రబ్బరు హోసుల ద్వారా క్యాలిపరునకు పోయి పిస్టనును నెట్టును. పిస్టను ప్యాడును డిస్కునకు ఒత్తును. కాలు తీయగా పిస్టనును వెనుకకు లాగుటకు స్ప్రింగు లేదు. పిస్టను చుట్టునున్న రబ్బరు సీలు నొక్కుడునకు కొద్దిగ వంగి, నొక్కుడు పోగానే తన రూపమునకు వచ్చుచు పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు తెచ్చును. విడుదల యంతయు ఈ వెంట్రుకవాసిమీదనే ఆధారపడి యున్నది. పిస్టనుకు త్రుప్పు పట్టినను, క్యాలిపరు జారు గైడు పిన్నులు ఎండిపోయినను, హోసు లోపల ఉబ్బి ఆయిలును తిరిగి పోనీయకున్నను, మాస్టరు సిలిండరు నొక్కుడును వదలకున్నను ప్యాడ్లు విడువవు. ఇవి నాలుగును బ్రేకు దోషములు. అయిదవది హబ్బులోని బేరింగు పాడగుట.

ముందుగా కనబడు గురుతులు

బండి ఒక ప్రక్కకు లాగును. డీజిలు ఎక్కువ త్రాగును. కాలిన వాసన వచ్చును. ఒక చక్రము రెండవదానికంటె మిక్కిలి వేడిగా నుండును. బండి వేడెక్కినప్పుడు పట్టి, చల్లారగానే వదలినచో ఆయిలు నొక్కుడు నిలిచిపోవుచున్నదని అనుమానింపవలెను. చల్లగానున్నప్పుడును పట్టియే యున్నచో త్రుప్పు గాని, బేరింగు గాని కారణము కావచ్చును. వానలో కొన్నిదినములు నిలిపిన బండికి ప్యాడు డిస్కునకు త్రుప్పుతో అంటుకొనుట కలదు. ముందునకు, వెనుకకు మెల్లగా కదలించినచో ఇది సాధారణముగా ఊడివచ్చును.

మూడు పరీక్షలు

బండిని చదునైన గట్టినేలపై నిలిపి, సరకు దింపి, హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రలులో నుంచి, వెనుక చక్రములకు అడ్డు పెట్టవలెను. చక్రపు నట్లను నేలమీదనే కొద్దిగ వదులుచేసి పిమ్మట జాకీతో ఎత్తవలెను. జాకీని నమ్మి క్రిందికి దూరరాదు, స్టాండు తప్పక పెట్టవలెను. ఎఱ్ఱగా కాగిన డిస్కుపై నీరు పోయరాదు, పగులును.

మొదటి పరీక్ష: చక్రము పట్టియున్న స్థితిలోనే క్యాలిపరుమీది బ్లీడరు నిపిలును అర చుట్టు వదులుచేయవలెను. ఆయిలు వేడిగా చిమ్మవచ్చును గనుక నిపిలునకు సన్నని గొట్టము తగిలించి సీసాలోనికి వదలుట మేలు. ఆయిలు చిమ్మి చక్రము వదలినచో దోషము నొక్కుడుది. వదలకున్నచో పిస్టను, పిన్నులు, బేరింగులలో ఒకటి.

రెండవ పరీక్ష: నొక్కుడు దోషమని తేలినచో, నిపిలును బిగించి, పెడలు త్రొక్కి వదలి చక్రమును మరల పట్టనిచ్చి, ఈసారి మాస్టరు సిలిండరు వద్ద పైపు నట్టును కొద్దిగ వదులుచేయవలెను. అచ్చట చక్రము వదలినచో దోషము మాస్టరు సిలిండరుది, లేదా పెడలునకు ఆట లేకపోవుట. అచ్చట వదలక నిపిలు వద్దనే వదలినచో మధ్యనున్న హోసు లోపల మూసికొన్నదని తెలియవలెను. రెండు ముందుచక్రములును ఒకేసారి పట్టినచో మొదట చూడవలసినది మాస్టరు సిలిండరునే.

మూడవ పరీక్ష: నొక్కుడు దోషము కానిచో చక్రము తీసి, క్యాలిపరును విప్పి, గట్టి త్రాడుతో పైన కట్టవలెను. హోసుమీద వ్రేలాడదీసినచో హోసు చెడును. ఇప్పుడు డిస్కును చేతితో త్రిప్పవలెను. సులువుగ తిరిగినచో దోషము క్యాలిపరుది. గరగర శబ్దముతో తిరిగినను, అసలు తిరుగకున్నను బేరింగుది.

మరమ్మతు

గైడు పిన్నులు పట్టినచో వెలికి తీసి, త్రుప్పు తుడిచి, బ్రేకులకై అమ్ము సిలికోను గ్రీజు పలుచగా పూయవలెను. మామూలు గ్రీజు, ఇంజను ఆయిలు రబ్బరును ఉబ్బించును. చినిగిన రబ్బరు తొడుగులను మార్చవలెను.

పిస్టను పట్టినచో క్యాలిపరు నోటిలో చెక్కముక్క పెట్టి, పెడలును మెల్లగా త్రొక్కించి పిస్టనును వెలికి రప్పింపవలెను. వ్రేళ్లు అందులో నుంచరాదు. గాలి పంపుతో ఊదినచో పిస్టను తూటావలె ఎగురును. పిస్టనుపై గుంటలు పడినచో క్రొత్తది వేయవలెను. బాగున్నచో సీలు కిట్టు మార్చిన చాలును. కడుగుటకు బ్రేకు ఆయిలునే వాడవలెను. పెట్రోలు, కిరసనాయిలు తగిలినచో క్రొత్త సీలు సైతము ఉబ్బి, వారము తిరుగకమునుపే చక్రము మరల పట్టును.

హోసు మూసికొన్నచో మార్చుటయే గతి. ఒక ప్రక్కది చెడినచో రెండవదానికిని అంతే వయస్సు గనుక రెండును మార్చుట మేలు. ప్యాడ్లను మాత్రము ఎప్పుడును రెండు ప్రక్కల కలిపియే మార్చవలెను. లేనిచో బండి ప్రక్కకు లాగును. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

మాస్టరు సిలిండరు పనియు, బేరింగు పనియు అనుభవము గల మెకానిక్కునకే అప్పగింపవలెను. బేరింగు నట్టు ఎక్కువ బిగించినచో క్రొత్త బేరింగు సైతము వేడెక్కి పట్టును.

పని ముగిసినపిమ్మట గాలి తీసి, డబ్బా మూతపై వ్రాసిన రకపు ఆయిలునే పోయవలెను. బండి కదలకమునుపు పెడలు గట్టిపడువరకు పలుమారులు త్రొక్కవలెను. ఇది మరచినచో మొదటి బ్రేకు పడదు. నట్లను ఎదురెదురుగా బిగించి, ఖాళీ బండిని నాలుగైదు కిలోమీటర్లు నడపి, రెండు ముందుచక్రముల వేడిని చేయి దగ్గరగా పెట్టి పోల్చి చూడవలెను. ఆయిలు గుడ్డపై పడిన మరక పోదు గనుక చేతులు కడిగికొన్న పిమ్మటనే సరకు ఎక్కింపవలెను.

రాకుండ చేయుటయే మేలు

బ్రేకు ఆయిలును రెండేండ్ల కొకసారి మార్చుట, వానలు మొదలగుటకు ముందొకసారి, వెలిసినపిమ్మట మరొకసారి పిన్నులను తీసి శుభ్రపరచుట, ప్యాడు మందము మూడు మిల్లీమీటర్లకు తగ్గకుండ చూచుట: ఈ మూడును చేసినచో ఈ చిక్కు చాలవరకు రాదు. సాంచాకు నూనె వేయుట మరువని మనము వ్యాను చక్రమును మరువరాదు. డ్రైవరు “బండి లాగుచున్నది” అని చెప్పిననాడు, సరకు చేర్చివచ్చిన పిమ్మట చూతమనక, ఆ పూటనే చక్రము ఎత్తి చూడవలెనని యజమానులను కోరుచున్నాము. సరకు ఒకదినము ఆలస్యమైనచో వ్యాపారితో మాట పడుదుము, అంతియే. దారిలో బ్రేకు పోయినచో డ్రైవరు ప్రాణమును తిరిగి తేలేము.