గోదావరి గట్టున దారపు పూలు

నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లేవాళ్లు మాధవాయపాలెం రేవులో పంటు ఎక్కుతారు. వశిష్ట గోదావరి అక్కడ బాగా విశాలమై, సముద్రం దగ్గరపడిందని చెప్పకనే చెబుతుంది. సామాన్యంగా కనిపించే ఈ రేవుకు పెద్ద చరిత్రే ఉంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర నూలుబట్ట కొని ఓడలకెక్కించింది. ఈ ఊరి పేరే మడపోలం అనే తెల్లటి మెత్తని బట్టకు స్థిరపడి, ఐరోపా బట్టల దుకాణాల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. పక్కనే నరసాపురంలో సముద్రం మీద తిరిగే ఓడలు కట్టేవారు. ఆ ఓడలూ పోయాయి, ఆ నేతా పోయింది. ఈ గట్టు మీద నుంచి ఇంకా విదేశాలకు వెళుతున్నది మాత్రం ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని అల్లే లేసు.

దీని పుట్టుక వ్యాపారంలో లేదు, దానధర్మంలో ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువు కోస్తా జిల్లాలను ఊడ్చిపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి ఇంకా పదిహేనేళ్ల దాకా ఉంది. ఆ మధ్యకాలంలో, 1836లో, ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో కలిసి గోదావరి డెల్టాకు వచ్చారు. గోదావరి డెల్టా మిషన్ వారితోనే మొదలైంది. ఆ తర్వాత 1844లో మక్రే దంపతులు నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక నేర్పారని ఇక్కడ చెప్పుకొంటారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలో చేరిన పేద దళిత స్త్రీలు. అల్లిన ముక్కలను మిషనరీలు స్వదేశంలోని మిత్రులకు కానుకగా పంపేవారు. వాళ్లు బదులుగా విరాళం పంపేవారు. ఒక మంచి పనికి సాయపడాలని వస్తువు కొనే అలవాటు ఇవాళ్టి నగరాల్లో కొత్త పోకడలా కనిపిస్తుంది గానీ, మన గోదావరి జిల్లాలో దానికి నూట ఎనభై ఏళ్ల వయసుంది.

అదే కాలంలో ఐర్లండులోనూ ఇదే జరగడం ఆశ్చర్యం. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఆ దేశం కరువులో కూరుకుపోయినప్పుడు, కాన్వెంట్లలో సన్యాసినులు పల్లెపడుచులకు క్రోషే అనే ఇదే తరహా లేసు అల్లిక నేర్పారు. ఆ లేసు కలవారి ఇళ్లకు చేరి, ఎన్నో కుటుంబాలను ఆకలి నుంచి కాపాడింది. కరువు కాలంలో సూదిని నమ్ముకోవడానికి కారణముంది. మగ్గానికి పెట్టుబడి కావాలి, చోటు కావాలి. క్రోషేకు కొన కొక్కెంలా వంగిన సన్నటి సూది ఒకటి, దారం ఉండ ఒకటి చాలు.

పని జరుగుతుంటే చూడాలి. సూది మొన మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దారాన్ని సూదికి చుట్టి, ఉన్న ముడిలోంచి లాగితే కొత్త ముడి, దాన్లోంచి మరొకటి. అలా గొలుసు సాగుతుంది, గొలుసు వలయమవుతుంది, వలయం చుట్టూ రేకులు విచ్చుకుంటాయి. ఏ క్షణంలోనైనా సూది మీద ప్రాణంతో ఉండేది ఒక్క ముడే. చివర కట్టకుండా వదిలి కొస లాగితే పువ్వంతా విడిపోయి మళ్లీ వట్టి దారమే మిగులుతుంది. ఈ పనిని అచ్చంగా చేసే యంత్రం బజారులోకి రాలేదు. యంత్రపు లేసు దూరానికి ఇలాగే కనిపించినా దాని నిర్మాణం వేరు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవున్న బల్లగుడ్డను మూడంగుళాల పూలతో నింపాలంటే అడ్డంగా 24, నిలువుగా 36, మొత్తం 864 పూలు కావాలి. ఇన్ని పూలు ఒక్క చేతి నుంచి రావడం అరుదు. పూలు అల్లేవాళ్లు వేరు, వాటిని ఒకదానికొకటి కలిపే అతుకుపని చేసేవాళ్లు వేరు. పది ఇళ్లలో పుట్టిన పూలు పదకొండో ఇంట్లో ఒక్కటవుతాయి. ఒకరి బిగువు, మరొకరి వదులు కలిసినా గుడ్డ ముడతపడకుండా చూసుకోవడం అతుకుపని చేసేవాళ్ల నేర్పు. ఈ పనిలో అన్నిటికన్నా తక్కువగా గుర్తింపు పొందింది అదే అని నాకనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వ్యాపారులు రంగంలోకి దిగడంతో లేసు దానం దారి వదిలి సరుకు దారి పట్టింది. గడప దాటనివ్వని ఘోషా ఉన్న కాపు కుటుంబాల స్త్రీలకూ ఇదే ఆదాయ మార్గమైంది. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, అల్లినది తీసుకెళతాడు, దారం లెక్కన కూలి కడతాడు. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ పల్లెల్లో తిరిగి చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చి ప్రపంచమంతటా పేరు పొందింది. ఆమె చూపించిన నిజం చేదుగా ఉంటుంది. రోజుకు ఆరేడు గంటలు అల్లినా వీళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంటిపట్టున తీరిక వేళ చేసుకునే పని అనేశారు. ఆ ఒక్క మాట అడ్డుపెట్టుకునే కూలి పెరగకుండా ఆపారు. అల్లింది ఆడవాళ్లు, లాభం చూసింది మధ్యనున్న మగవాళ్లు. జాలిపడి కొన్న వస్తువుకు ధర కట్టేది కొనేవాడే. ఆ తొలినాటి అలవాటు వ్యాపారంలోనూ కొనసాగిందని నేననుకుంటాను.

దీన్ని మార్చే ప్రయత్నంలో భాగమే నరసాపురం చెంతన రుస్తుంబాదలో ఉన్న లేసు పార్కు. ఇక్కడ శిక్షణ ఇస్తారు, కొత్త నమూనాలు నేర్పుతారు, మహిళా సంఘాలు నేరుగా అమ్ముకునే వీలు కల్పిస్తారు. నమూనా అంటే చిన్న విషయం కాదు. విదేశీ భోజనపు బల్లల మీద గుడ్డ పరిచే ఆచారం తగ్గుతున్న కొద్దీ పాత డిజైన్లకు గిరాకీ పడిపోయింది. మరో పక్క చైనా యంత్రాల లేసు చవగ్గా వచ్చిపడింది. దిండు గలీబులు, బల్లగుడ్డలతో పాటు చేతిసంచులు, జాకెట్లు, పసిపిల్లల గౌన్లు అల్లడం ఆ ఒత్తిడిలోంచి వచ్చిన మార్పే. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, దక్కింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల్లో 15 వేల మందికి పైగా స్త్రీలు దీని మీద ఆధారపడి ఉన్నారని అప్పటి లెక్క. మీస్ కాలంలో ఆ సంఖ్య లక్ష దాటి ఉండేది. చేతులు ఎందుకు తగ్గాయో కూలి లెక్కే చెబుతుంది. తల్లి రోజంతా అల్లి ఎంత తెచ్చుకుంటోందో చూసిన కూతురు సూది పట్టదు.

నరసాపురం రైలు మార్గానికి చివరి స్టేషను. హైదరాబాదు నుంచి నేరుగా రైళ్లున్నాయి. భీమవరం, పాలకొల్లు నుంచి బస్సులు తరచూ ఉంటాయి. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లు పంటు ఎక్కే ముందు కాస్త వీలు చూసుకుంటే రుస్తుంబాద దారిలోనే ఉంది. కొనేటప్పుడు గుడ్డను తిప్పి చూడండి. చేతి అల్లికలో ఒక పువ్వుకూ మరో పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, దారం కొసలు లోపలికి దూర్చి దాచి ఉంటాయి. జీఐ గుర్తింపు ఉందా అని అడగండి, అల్లినవాళ్లకు ఎంత ముడుతుందో కూడా అడగండి. బేరం మాత్రం ఆడకండి.